తీర్మానం పాస్!

విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. బాగుంది. హయత్‌నగర్‌లో ఆ తల్లిదండ్రులు చాలామంది పొద్దున్నే కూలి పనికి పోతారు. మీటింగేమో పదకొండు గంటలకు! అందుకే మినిట్స్ బుక్కే పిల్లాడి సంచీలో ఇంటికొస్తుంది, సంతకం చేయాల్సిన చోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టుకుని. వేలిముద్ర పడ్డాక పైన రాసుంటుంది: ‘విద్యార్థుల ప్రగతిని కూలంకషంగా సమీక్షించడమైనది.’

ఏం సమీక్షించారో అడగొద్దు. చిన్నపిల్లలకు చదవడం, లెక్కలు రావాలని తెలంగాణలో 2022లో ‘తొలిమెట్టు’ కార్యక్రమం తెచ్చారు. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి మరుగుదొడ్లు, తాగునీరు, చిల్లర మరమ్మతులు అప్పగించారు. అవీ కావాల్సినవే, కాదనం. కానీ ఎజెండాలో నల్లా ఉంది, ఫ్యాను ఉంది, ప్రహరీ ఉంది. ఐదో తరగతి పిల్ల రెండో తరగతి వాచకం దగ్గర తడబడుతోందన్న ముచ్చట మాత్రం ‘ఇతర అంశాల’ కింద, అట్టడుగున. అక్కడిదాకా వచ్చేసరికి సమోసాలు వచ్చేస్తాయి, అధ్యక్షుల వారి అనుమతితో సభ ముగుస్తుంది.

అయినా 2025లో పదో తరగతి రాష్ట్ర ఉత్తీర్ణత 92.78 శాతం. ఫ్లెక్సీ కట్టుకోవచ్చు.

సార్లూ, ఒక్కసారి మీటింగ్ రాత్రి ఏడింటికి పెట్టి చూడండి. చాయ్ ఖర్చు తల్లిదండ్రులే పెట్టుకుంటారు!