ఎత్తని ఫోను: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

పేరు నూరు ఫోను పెట్టినఁ జాలదు
చెక్క యేదొ చెప్పు, చేయి యెవరొ;
యేటి కొక్కసారి యెత్తని ఫోనుకు
మరల చేయువాఁడె మాన్యుఁ డిలను.

అవతారిక

ధర్మపురి జిల్లాలో, మొరప్పూరు స్టేషనులో రైలు దిగి బస్సెక్కితే కంబైనల్లూరు వస్తుంది. ఇంట్లో తెలుగూ బజారులో తమిళమూ మాట్లాడే కవి ఒకడు అక్కడ కూర్చుని, బాంజోలు చేసేవాళ్ల పట్టికను ఇంటర్నెట్టులో నడుపుతున్నాడు. మన వైపు బాంజో చేసేవాళ్లు తక్కువ కాబట్టి వీణ, తంబురా, కంజీర చేసేవాళ్లను కూడా అనుబంధంగా చేర్చాడు. పట్టికలో అందరి పేర్లూ ఉన్నాయి, నడిపేవాడిది తప్ప.

పై పద్యం ఆ పట్టిక నెత్తిన ఉంటుంది. చదివి కిందికి జరిగిపోయేవారే గాని, ఆగి అర్థమడిగినవారు లేకపోవడం వల్ల వ్యాఖ్య అవసరమైంది. మెదక్ సీమ కోల్చారం నుంచి వచ్చిన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టులో మొదటి సగాన్ని మేము పాటిస్తాం. రెండో సగం కూడా పాటిస్తే వ్యాఖ్య ఇక్కడితో అయిపోతుంది.

ప్రతిపదార్థం

పేరు నూరు ఫోను పెట్టినన్ = పేరూ ఊరూ ఫోన్ నంబరూ ఎక్కించినంత మాత్రాన; చాలదు = సరిపోదు; చెక్క ఏదొ = వాయిద్యం ఏ చెట్టు కలపతో అయిందో; చేయి ఎవరొ = చేసిన చేయి ఎవరిదో; చెప్పు = తెలుపుము; ఏటికొక్కసారి = సంవత్సరానికొక పర్యాయం; ఎత్తని ఫోనుకు = మోగుతుందే గాని పలకని నంబరుకు; మరల చేయువాఁడె = మళ్లీ చేసేవాడే; ఇలను = భూమి మీద; మాన్యుఁడు = గౌరవించదగినవాడు.

తాత్పర్యం

పట్టిక కట్టడం ఒక ఎత్తు, కట్టినదాన్ని ఏటా సరిచూడడం ఒక ఎత్తు. మొదటిది సెలవుల్లో ఎవరైనా చేస్తారు.

విశేషాలు

'పేరు' అన్నాడు. ఎవరి పేరు? ముందు వాయిద్యం పేరే తేలాలి. బాంజో అనగానే అమెరికావాడికి గుండ్రటి చట్రానికి తోలు బిగించి, పొడుగు మెడ తగిలించి, పొట్టి అయిదో తీగకు మెడ పక్కనే బిరడా పెట్టిన వాయిద్యం తోస్తుంది. మన దేశంలో చాలామందికి తోచేది అది కాదు. 1912లో జపానులోని నగోయాలో మోరితా గోరో అనే ఆయన తీగల మీద టైపురైటరు మీటల వంటి మీటలు అమర్చి తైషోగోతో అనే వాయిద్యం చేశాడు. అది మన దగ్గర బుల్‌బుల్ తరంగ్ అయింది, బొంబాయి వీధుల్లో బాంజో అయింది, బలూచిస్తాన్‌లో కాస్త పెద్దదై బెంజో అయింది. 2016లో వచ్చిన 'బాంజో' అనే హిందీ సినిమా ఈ మీటల బాంజోవాళ్ల గురించే. ఈ భేదం పట్టికలో రాయకపోతే, అయిదు తీగలది కావలసిన టెన్నెసీ మనిషి మీటలది బాగుచేసే మనిషికి ఫోన్ చేస్తాడు. ఇద్దరూ మర్యాదస్తులైతే పావుగంట మాట్లాడుకుని, ఎవరి వాయిద్యం గురించి వారు చెప్పుకుని పెట్టేస్తారు.

పైగా కంబైనల్లూరు కష్టం ఒకటుంది. తమిళంలో ప, బ రెంటికీ ఒకే అక్షరం. వీణల బొబ్బిలి అక్కడ పొప్పిలి అవుతుంది. వెతికేవాడు ఏ లిపిలో ఏ అక్షరం కొడతాడో తెలియదు కనుక, కవి ఒక్కో ఊరికి రెండు మూడు రాతలు లోపల దాచిపెట్టాడు. బయటికి కనపడని ఈ పనిని ఇంతవరకు మెచ్చుకున్నవారు లేరు. మేము మెచ్చుకుంటున్నాం.

'ఊరు' స్పష్టం.

'చెక్క యేదొ చెప్పు': ఇది కొనేవాడి కుతూహలం కోసం అన్న మాట కాదు. వీణకు పనస. బొబ్బిలిలో ఒకే దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు. తంజావూరువాళ్లకు పనస దుంగ పణ్రుట్టి నుంచి వస్తుంది. బాంజో మెడకు మేపుల్, వేళ్లు ఆడించే పట్టీకి ఇరుగుడో నల్లచేవమానో వాడేవారు ఎక్కువ. ఈ ఇరుగుడు దగ్గరే చిక్కు. 2017 జనవరిలో, అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం ఇరుగుడు చేరే రోజ్‌వుడ్ జాతినంతా నియంత్రణలోకి తెచ్చింది. దానితో వాయిద్యం సరిహద్దు దాటాలంటే కాగితాలు కావలసి వచ్చాయి. పూర్తయిన వాయిద్యాలకు మినహాయింపు 2019లో గాని రాలేదు. తోలు సంగతీ అంతే. బాంజోకు దూడతోలు పోయి 1950ల చివర నుంచి ప్లాస్టిక్ పొర వచ్చింది. కంజీరకు ఉడుము తోలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి అడ్డొచ్చింది. కాబట్టి 'చెక్క' అన్నచోట తోలును కూడా కలుపుకోవాలి. కవికి గణం సరిపోక వదిలేశాడని మా ఊహ.

'చేయి యెవరొ': పద్యానికి ప్రాణం ఇక్కడుంది. సామాన్య పట్టికల్లో ఉండేది అంగడి పేరు. అంగడివాడు చేయడు, చేసేవాడికి అంగడి ఉండదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరాలుగా వీణలు చేస్తున్నాయి. లోకం మాత్రం 'బొబ్బిలి వీణ' అంటుంది. దానికి భౌగోళిక గుర్తింపు ఉంది, తంజావూరు వీణకూ 2013లో వచ్చింది. రెండుచోట్లా గుర్తింపు ఊరికి.

బాంజో కథలో ఇది మరీ ఘోరం. పడమటి ఆఫ్రికాలో సొరబుర్రకు తోలు కప్పి వాయించుకుంటున్నవాళ్లను బానిసలుగా ఓడలెక్కించారు. కరీబియన్ దీవుల్లోనూ అమెరికాలోనూ వాళ్లు ఆ వాయిద్యాన్ని మళ్లీ కట్టుకున్నారు. కట్టినవాళ్ల పేర్లు దాదాపు ఏ కాగితం మీదా లేవు. 1840లలో బాల్టిమోరులో డోళ్లు చేసే విలియం బౌచర్ బాంజోలు చేసి అమ్మాడు, వాటి మీద తన ముద్ర వేశాడు; అవి ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. బాంజో చేసినవాళ్ల పట్టిక ఎవరు ఎక్కడ మొదలుపెట్టినా బౌచరు కాలం దగ్గరికి వచ్చేసరికి పేర్లు దొరుకుతాయి, దానికి వెనక్కి పోతే వరసలన్నీ ఖాళీ. కవి ఆ ఖాళీ వరసలను తీసేయకుండా పట్టిక మొదట్లోనే ఉంచాడు. కొందరు దీన్ని సాంకేతిక లోపమనుకుని ఫిర్యాదు చేశారట. అది లోపం కాదు.

'ఏటికొక్కసారి': దీనికి శ్లేష చెప్పుకోవచ్చు. పట్టిక ఉన్న డొమైన్ పేరుకు కూడా ఏటేటా డబ్బు కట్టాలి. కట్టడం మరిస్తే ఆ పేరును ఇంకెవరో కొనుక్కుంటారు. వీణ కోసం వచ్చినవాడికి రమ్మీ ఆట కనిపిస్తుంది.

'ఎత్తని ఫోనుకు': ఆక్షేపం. ఎత్తని ఫోనుకు చేసి ఏం లాభం? తీసి పారేస్తే సరిపోదా? సమాధానం. ఎత్తకపోవడానికి కారణాలు అనేకం. రంపం మోతలో వినబడదు. కొత్త నంబరు కనబడితే లోను ఇస్తామనేవాళ్లని భయం. నంబరు మారిపోయి ఎవరో గృహిణికి చేరుతుంది. ఆవిడ 'ఏంది కావాలి, ఎవురు మీరు' అని గట్టిగానే అడుగుతుంది. లేదా మనిషే పోయి ఉంటాడు. ఇన్నిటికీ ఒకే మోత. అందుకే కవి స్థితి అనే గడిలో నాలుగు మాటలు పెట్టుకున్నాడు: చేస్తున్నారు, మానేశారు, లేరు, తెలియదు. 'లేరు' అని తేలినా వరస తీయడు. ఆయన చేసిన వాయిద్యం ఇంకెవరింట్లోనో ఉంటుంది, దాని మెట్టు ఊడితే ఎవరి పద్ధతో తెలియాలి. నాలుగింటిలో 'తెలియదు' అన్నదే ఎక్కువ. మల్లినాథుడి ఒట్టులో మొదటి సగాన్ని ఇంత నిష్ఠగా పాటించే గడి మా వ్యాఖ్యలో కూడా లేదు.

'మాన్యుఁడు': మాన్యం కలవాడని కొందరు. అది చింత్యం. ఈయనకు మాన్యం లేదు, సర్వరు బిల్లు ఉంది.

ఛందస్సు: ఆటవెలది. మూడో పాదంలో యతి చెల్లింది. నాలుగో పాదానికి 'మరచి చేయువాఁడె' అని పాఠాంతరం. చేశానన్న సంగతి మరిచి మళ్లీ చేసేవాడని అర్థం. గణాలకు రెండూ సరిపోతాయి. పట్టిక నడిపినవారు ఈ రెండో పాఠమే సాధువంటారు. అవతల ఫోను మోగుతున్నవాడికి తేడా తెలియదు.