అందినవి

మెదక్ ఖిల్లా కింది బస్తీలో ఒక కమ్యూనిటీ హాలు. పొద్దుగూకితే బీడీల చాటలు ఇంట్లో పెట్టేసి ఆడవాళ్లు అక్కడికి చేరతారు. వాళ్లకు చదువు చెప్పేది డిగ్రీ చదువుతున్న ఓ అమ్మాయి. మొదట్లో వాచకం తెరిస్తే చాలు, అందరికీ ఆవులింతలే. "మీకేం చదవాలనుంది?" అని ఆ అమ్మాయి వాళ్లనే అడిగింది. మర్నాటి నుంచి కొంగుల్లోంచి కాగితాలు బయటికొచ్చాయి. రేషన్ కార్డు, సంఘం పాసుబుక్కు, కరెంటు బిల్లు, బీడీ కార్ఖానా వాళ్లు రాసిచ్చే లెక్క. ఏడుపాయల బస్సు బోర్డు కూడా ఓ రోజు పాఠమైంది. ఏ కాగితం తెచ్చినా ఆ అమ్మాయి వేసేవి రెండే ప్రశ్నలు: ఇందులో ఏం రాసుంది? రాసింది నిజమేనా?

సెప్టెంబరు 8, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం. పెద్దసారు వచ్చి మైకు అందుకున్నారు.

"సంతకం వస్తే చదువొచ్చినట్టు కాదమ్మా! జనాభా లెక్కల్లో కూడా అర్థం చేసుకుంటూ చదవను, రాయను వచ్చినవాళ్లనే అక్షరాస్యులంటారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లే సారా దుకాణం మూయించారు. ఆ కథ వాచకంలో పాఠమైంది, ఊరూరా ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుంచి సర్కారే సారాను నిషేధించాల్సి వచ్చింది. మీరూ అట్లా ప్రశ్నించాలి. ఎవరేం చెప్పినా గుడ్డిగా తలూపొద్దు!"

చప్పట్లు మోగాయి. చాయ్, సమోసా వచ్చాయి. వెనకే గుమాస్తా ఓ కాగితం పట్టుకొచ్చాడు. "సంతకాలు పెట్టుండ్రమ్మా, జల్ది."

ముందు వరుసలోని పెద్దావిడ దగ్గర కాగితం ఆగిపోయింది. అక్షరాల మీద వేలు పెట్టి ఆమె కూడబలుక్కుంటోంది.

"సంతకం పెట్టేది కింద, పెద్దమ్మా."

"ఆగు బిడ్డా, పైన సదువుతున్న."

చదవడం అయ్యాక లేచి నిలబడింది.

"సార్, చాయ్, సమోస అందినయని రాసిండ్రు. అందినయ్. నోటుబుక్కు, పెన్ను, సంచి గూడ అందినయని రాసిండ్రు. గవి ఏడున్నయ్ సార్?"

హాల్లో ఎవరూ కిక్కురుమనలేదు. అంతలో వెనక నుంచి ఇంకో గొంతు లేచింది. "ఆ కాగితం ఇటియ్యక్కా, నేను గూడ సదువుత."

పెద్దసారు నవ్వు తెచ్చిపెట్టుకున్నారు. "శభాష్! చదువంటే ఇదీ! మిగతావి రేపే పంపిస్తాం" అన్నారు. "బాగా నేర్పావమ్మా" అని ఆ అమ్మాయిని అందరి ముందూ మెచ్చుకున్నారు.

జీపెక్కుతూ గుమాస్తాను దగ్గరికి పిలిచారు.

"వచ్చేసారి ఆ కాగితం ఇంగ్లీషులో కొట్టించు."