నేను ముగ్గురాయిని

నన్ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్లు ‘ఇంత చిన్న రాయికి ఇంత బరువా!’ అంటారు. నీటికి సుమారు నాలుగున్నర రెట్లు బరువు నాది. లోపల ఇనుమో సీసమో ఉందనుకుంటారు గానీ ఉన్నవి బేరియం, గంధకం, ఆక్సిజన్, అంతే.

మాది ఓబులవారిపల్లె మండలం మంగంపేట. వంద కోట్ల ఏళ్లు పైబడిన కడప శిలల్లో పొరలుగా పరుచుకుని ఉన్నాం. ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి (బెరైటీస్) నిక్షేపాల్లో మాదొకటి. మమ్మల్ని పొడి చేసి చమురు బావులకు పంపుతారు. బావి తవ్వేటప్పుడు పోసే బురదలో కలిసి, అడుగునుంచి గ్యాస్ ఎగదన్నకుండా అదిమిపట్టేది మా బరువే. ఆ పని నాకు గర్వం.

రాయి అని పిలిచినా నేను ఖనిజాన్ని. గ్రానైట్‌లో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం వంటివి కలిసి ఉంటాయి, అది శిల. ఖనిజమంటే ప్రకృతిలో తనంతట తాను పుట్టి, తనదైన రసాయన కూర్పు, పరమాణువుల అమరిక ఉన్నది. ఇలాంటివి ఆరు వేలు దాటాయి.

ఇన్నింటిని వర్గాలుగా విడదీయడానికి రంగు పనికిరాదు. ఇక్కడ బూడిద రంగులో ఉన్న నేను మరోచోట తెల్లగా, పచ్చగా, నీలంగా దొరుకుతాను. పోనీ లోహాన్ని బట్టి చూద్దామా? విథరైట్ అనే ఖనిజంలోనూ నాలాగే బేరియమే ఉంది. కానీ అది కార్బొనేట్. కడుపులోని ఆమ్లానికి కరిగి విషమవుతుంది. ఎలుకల మందుగా వాడారు. నేను సల్ఫేట్‌ను, ఆ ఆమ్లానికి కరగను. అందుకే శుద్ధి చేసిన బేరియం సల్ఫేట్‌ను రోగికి తాగించి, పేగుల ఎక్స్‌రే తీస్తారు.

ఖనిజానికి ఇంటిపేరు ఇచ్చేది లోహం కాదు, దానితో జతకట్టిన రుణావేశ భాగం. ఆ లెక్కన జిప్సం నాకు చుట్టం, సున్నపురాయిలోని కాల్సైట్ విథరైట్‌కు చుట్టం. హెమటైట్ ఆక్సైడ్ల ఇంటిది. ఎవరితోనూ జతకట్టని బంగారం, వజ్రం శుద్ధ మూలకాల వర్గం. భూమి పైపొరలో అత్యధిక భాగం మాత్రం సిలికేట్లదే. అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ డానా 1837లో తెచ్చిన గ్రంథంలో ఖనిజాలను మొక్కల, జంతువుల తరహాలో విభజించాడు. తర్వాతి కూర్పుల్లో దాన్ని వదిలేసి రసాయన పద్ధతికి మారాడు. తన పద్ధతిని తానే మార్చుకున్న ఆ నిజాయతీకి మేమంతా రుణపడి ఉన్నాం.

మీకు గుట్ట మీద ఏదైనా రాయి దొరికితే రంగు చూసి పేరు పెట్టకండి. టైలు వెనక గరుకు వైపు గీసి గీత రంగు చూడండి. నాదైతే తెల్లగా పడుతుంది. గోరుతో గీకండి, తర్వాత కత్తి మొనతో గీకండి. గోరుకు లొంగక కత్తికి లొంగి, చేతిలో బరువుగా ఉంటే అది నేనేమో చూడండి.