కోర్టు వదిలినా వంతెన వదల్లేదు!

'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' ఆటల్లో ఘరానా విలన్ దొంగ కాదు, పోలీసు. 2004లో వచ్చిన 'శాన్ ఆండ్రియాస్'లోని ఫ్రాంక్ టెన్‌పెన్నీ. డ్రగ్స్, బెదిరింపులు, హత్యలు... దేన్నీ వదలడు. కోర్టు మాత్రం అతణ్ని వదిలేస్తుంది. దాంతో ఊరు భగ్గుమంటుంది.

హీరో సీజే ముందు వెళ్లేది వెన్నుపోటు పొడిచిన నేస్తం బిగ్ స్మోక్ దగ్గరికి. అంతస్తు తర్వాత అంతస్తు కాపలావాళ్లను కూలుస్తూ చెమటోడ్చి పైకెక్కితే, అయ్యగారు సోఫాలో వీడియో గేమ్ ఆడుకుంటూ ఉంటారు! కింద సొంత మనుషులు చస్తున్నా లేవలేదంటే, ఆ ఆట మనం ఆడేదాని కంటే బాగుండి ఉండాలి.

ఇక టెన్‌పెన్నీ డబ్బు మూటతో పారిపోతూ ఎక్కేది ఏమిటి? ఫైరింజన్. ఊళ్లో మంటలు, బండి మాత్రం ఆఫీసరుగారి సొంత పనికి. చివరికి అది వంతెన మీంచి సరిగ్గా సీజే వీధిలోనే పడుతుంది. సీజే తుపాకీ గురిపెడితే అన్న స్వీట్ వారిస్తాడు: రోడ్డు ప్రమాదంలో పోయాడు, అలాగే ఉండనీ అని. అంతమందిని కాల్చి వచ్చాక ఇప్పుడు గుర్తొచ్చాయి సాక్ష్యాలు!

ఇదే సిరీస్‌లో 2013 నాటి 'ఫైవ్'లో విలన్ అయిన కుబేరుడు డెవిన్ వెస్టన్‌కు ఆ మాత్రం ఫైటూ లేదు. కారు డిక్కీలో కుక్కి కొండ మీంచి తోసేస్తారు. అదీ మూడు ముగింపుల్లో ఆటగాడు మూడో దారి ఎంచుకుంటేనే. తక్కిన రెండు ముగింపుల్లో దొరగారు క్షేమం. ఆట సహజంగా ఉందని ఊరికే అంటారా మరి!