ఇంటు గుర్తు మహాత్మ్యము

మిరప అమ్మిన సొమ్ము చేతికి రాకమునుపే దానిని వెచ్చించు మార్గము చూపు దయామయులకు పల్నాటి దాచేపల్లి వంటి ఊళ్లలో కొదవలేదు. "ముందు రూపాయి కట్టనక్కరలేదు, వడ్డీ అసలే లేదు" అని ఆదరించి, ఒక కాగితముల కట్టను ముందుంచి, పెన్సిలుతో ఇంటు గుర్తు పెట్టిన తావులన్నిట సంతకములు చేయించి, ఖాళీ చెక్కులు పుచ్చుకొని, బండి తాళముచెవి చేతికిచ్చి సాగనంపు ఆ సౌజన్యము ముందు మన పూర్వుల ఆతిథ్యము వెలవెలబోవును. వడ్డీలేని వాయిదా యనునదే లేదనియు, ఆ వడ్డీ ప్రాసెసింగు రుసుములో తలదాచుకొనుననియు రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను మందలించినది. షరతులు ఋణగ్రహీతకు తెలిసిన భాషలో ఉండవలెననియు అది ఆదేశించినది. ఇంటు గుర్తు తెలియని భాష లేదు గనుక ఆ ఆదేశము పాలింపబడినట్లే!

కోడి యోడినచో ఏడేండ్లు రాజ్యము విడువవలెనన్న షరతు పల్నాటి వీరకథలో పందెమునకు ముందే తెలిసినది; నేటి షరతు ఓడిన పిదపగాని తెలియదు.

చట్టము లేదా యందురేమో. 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 16వ సెక్షను దృష్టాంతముల ప్రకారము, ఊరి వడ్డీవ్యాపారికి బాకీపడినవాడు అన్యాయముగా తోచు షరతులపై మరల అప్పుచేసినచో, అందు ఒత్తిడి లేదని నిరూపించు భారము వ్యాపారిది. అవే దృష్టాంతముల ప్రకారము, డబ్బు కరవువేళ బ్యాంకరు అసాధారణమైన వడ్డీ యడిగినచో అది మామూలు వ్యాపారము. అధర్మము వడ్డీలో లేదు. అరుగుమీద కూర్చుండి యడిగినాడా, కుర్చీలో కూర్చుండి యడిగినాడా యన్నదానిలో నున్నది.

వాయిదాలపై కొనువానిని రక్షింప 1972లో పార్లమెంటు చేసిన అద్దె-కొనుగోలు చట్టము, ఒక్కదినమైనను అమలుకు రాక, 2005లో రద్దైనది. ముప్పదిమూడేండ్లు బ్రదికి ఒక్క ఫైనాన్సు కంపెనీనైనను నొప్పింపని అట్టి సాధుచట్టము అరుదు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము మాత్రము, నష్టమునకు మించిన జరిమానాను, తగిన రుసుముతో ముందే బాకీ తీర్చెదనన్నను ఒప్పకుండుటను అన్యాయపు ఒప్పందములని పేర్కొన్నది. కాని వానిని కొట్టివేయు అధికారమును జిల్లా కమిషనుకు ఈయక, పై కమిషనులకే యిచ్చినది. వాయిదాలపై కొన్న టీవీ పలుకకున్నచో జిల్లాలో మొరపెట్టుకొనవచ్చును. కొనుగోలు ఒప్పందమే గొంతు నొక్కినచో విజయవాడలోని రాష్ట్ర కమిషను నాశ్రయింపవలెను. 2022లో పల్నాడు జిల్లా యేర్పడి కలెక్టరు నరసరావుపేటకు వచ్చెను గాని, ఈ న్యాయము రాలేదు.

చిన్న వాయిదాపై పేచీకి కూలివాడు పనిమాని, వకీలును వెదకికొని, రాష్ట్రస్థాయికి పోవునని నమ్మిన శాసనకర్తల ఆశావాదమునకు జోహారులు. పోలేడని నమ్మి పత్రము వ్రాయించిన కంపెనీవాని లెక్కయే వారికంటె సరిగా నున్నది.