పాశ్చర్ గారూ, మీకు అర్హత లేదు!

మెడికల్ కాలేజీలో పాఠం చెప్పడానికి ఎంబీబీఎస్ లేని ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ మాస్టార్లు పనికొస్తారా, రారా?

2020లో జాతీయ వైద్య కమిషన్ తేల్చేసింది. అనాటమీ, ఫిజియాలజీల్లో 30 శాతం ఉన్న వాళ్ల వాటా 15కి దిగింది. బయోకెమిస్ట్రీలో 50 ఉన్నదీ 15కే. మైక్రోబయాలజీ, ఫార్మకాలజీల్లో గుండు సున్నా.

ముహూర్తం చూడండి. ఒక సూక్ష్మజీవి ప్రపంచాన్నంతా ఇంట్లో కూర్చోబెట్టిన ఏడాది అది. సూక్ష్మజీవుల పాఠం చెప్పేవాళ్లు మరీ ఎక్కువైపోయారని కమిషన్‌కు అప్పుడే తోచింది!

ఆ లెక్కన లూయీ పాశ్చర్ దరఖాస్తు పెట్టుకున్నా తిరుగు టపాలో వచ్చేసేది. ఆయన చదివింది కెమిస్ట్రీ మరి. రేబిస్ టీకా కనిపెట్టారా? సంతోషం. ఎంబీబీఎస్ పట్టా జిరాక్స్ ఏదండీ?

2025లో మళ్లీ కొత్త నిబంధనలు. కాలేజీలు పెరిగాయి, సీట్లు పెరిగాయి, చెప్పేవాళ్లే దొరకడం లేదు. దాంతో మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ తలుపులు తెరుచుకున్నాయి. ఈ ఐదేళ్లలో బ్యాక్టీరియా అయినా కాస్త మారి ఉంటుందేమో గానీ, మాస్టారి డిగ్రీ మాత్రం అదే. నిన్నటి అనర్హుడే నేటి అసిస్టెంట్ ప్రొఫెసర్!

అన్నట్టు, మెడికల్ కాలేజీల్లో మాస్టార్ల హాజరు ఇప్పుడు ఫోన్‌కు ముఖం చూపించి వేయాలి. రోజూ చూపిస్తారు పాపం. ఏ ముఖం పెట్టుకుని మళ్లీ పిలిచారని మాత్రం అడగరు.