మూడో జత చెప్పులు

రాజమండ్రి హేవలాక్ వంతెన 1997లో రిటైరైంది. 97 ఏళ్ళు మెయిళ్ళనీ గూడ్సులనీ వీపున మోసింది. ఆ తర్వాత దానికి ఒప్పజెబుదామనుకున్న పని చాలా తేలిక: సాయంత్రంపూట షికారుకొచ్చే జనాన్ని మొయ్యడం. బొగ్గింజన్లకే జంకని ఇనుము, పల్లీల పొట్లం పట్టుకున్న మనిషిని మొయ్యాలంటే మాత్రం ఫైలు కదలాలంది.

దీన్ని కట్టిన వైనం వింటే మన కాంట్రాక్టర్లకి కళ్ళు తిరుగుతాయి. 1897 నవంబరులో పని మొదలైంది, 1900 ఆగస్టులో రైలు నడిచింది. 56 ఖానాలు, ఒక్కోటీ 150 అడుగులు. ఇంజనీరు వాల్టన్ దొర అంతకుముందు కాశీలో గంగ మీద వంతెన కట్టి వచ్చినవాడు. గంగలో మునిగి గోదావరిలో తేలడమంటే ఇదేనేమో! దొరల్ని పొగడాలని కాదు. నదిలో దిగి ఒళ్ళు హూనం చేసుకున్నది కూలీలు, పేరు మాత్రం మద్రాసు గవర్నరు హేవలాక్‌ది. ఆ ఒక్క ఆచారాన్నీ మనం ఇప్పటికీ పదిలంగా కాపాడుకుంటున్నాం.

2003 పుష్కరాలొచ్చాయి, వెళ్ళాయి. 2015వీ అంతే. వచ్చిన ప్రతి పెద్దమనిషీ పాత వంతెన మీద నడిపిస్తామన్నవాడే. ఏటి మధ్య ఇన్నాళ్ళూ చెక్కుచెదరకుండా నిలబడ్డవి రెండే: స్తంభాలూ, హామీలూ. ఒకప్పుడు ఈ వంతెన వచ్చిందంటే రైల్లో అందరూ జేబులు తడుముకునేవారు, గోదారమ్మకి చిల్లర వెయ్యడానికి. తర్వాత్తర్వాత వంతెనే చిల్లర కోసం చెయ్యి చాపుకుని నిలబడింది.

చివరికి 2025 జూన్‌లో ‘అఖండ గోదావరి’ పేరుతో 94 కోట్ల పైచిలుకు ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది. అందులో మన వంతెనకీ వాటా ఉంది. నూట పాతికేళ్ళ కిందటే ఏటి అడుగుకి పునాదులు దిగినదానికి ఇప్పుడు పునాదిరాయి! తాతగారికి షష్టిపూర్తయ్యాక బారసాల చేసినట్టు. చేస్తే చేశారులెండి, మనవళ్ళకి భోజనం దొరికితే చాలు.

2027లో మళ్ళీ పుష్కరాలు. ఈసారి వంతెన మీదుగా అవతలి ఒడ్డున కొవ్వూరుదాకా నడిచే వెళ్దామని మా బావగారు కొత్త చెప్పులు కొనుక్కొచ్చారు. పెట్టె విప్పి చూపిస్తూ మురిసిపోతుంటే అక్కయ్య వంటింట్లోంచే కేకేసింది:

“పాత రెండు జతలూ అటక మీద కొత్తవిగానే ఉన్నాయి. వాటి పక్కనే పెట్టండి.”